కాఫీ పొట్లం మీద బడి బొమ్మ

సంక్రాంతికి విశాఖపట్నం నుంచి వచ్చిన మా అమ్మాయి సంచిలోంచి రెండు కాఫీ పొట్లాలు తీసి, "నాన్నా, ఇది మన కొండల కాఫీయేనట, పైగా డబ్బులో కొంత బడికి వెళుతుందట" అని నా చేతికిచ్చింది. 250 గ్రాముల పొట్లం, వెల 360 రూపాయలు. ముందువైపు పలక పట్టుకున్న ఒక గిరిజన బాలిక బొమ్మ, దాని వెనుక ఎర్ర పెంకుల బడి, ఆ కింద ప్రతి పొట్లం ధరలో ఒక శాతం కాఫీ పండించే గ్రామాల పాఠశాలలకు వెళుతుందన్న వాక్యం ఉన్నాయి. మా తాతగారి కాలంలో సాలూరు నుంచి ఘాట్ ఎక్కి ఒడిశాలోని జయపురం వచ్చి స్థిరపడిన కుటుంబం మాది. 31 ఏళ్లు కొరాపుట్ జిల్లా ప్రభుత్వ పాఠశాలల్లో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశాను. కాఫీ, బడి రెండూ నాకు పెరటి సంగతులే కాబట్టి, పొట్లంలో ఉన్న పొడిని, పొట్లం మీద ఉన్న మాటను విడివిడిగా పరీక్షించి రాయడం నాకు సాధ్యమైన పని అనిపించింది. సంస్థ పేరును కావాలనే రాయడం లేదు. ఇటువంటి పొట్లాలు ఇప్పుడు చాలానే వస్తున్నాయి, నేను వేసిన లెక్క వాటిలో దేనికైనా వేసుకోవచ్చు.

ముందు పొడి సంగతి. ఇది చికోరీ కలపని అరబికా రకం కాఫీ. మన ఇళ్లలో చికోరీ కలిసిన పొడికి నాలుక అలవాటు పడి ఉంటుంది. అటువంటి మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని, ఎంత కలిపారో పొట్లం మీద చెప్పాలని నిబంధన ఉన్నా, ఆ చిన్న అక్షరాలను చదివే ఓపిక ఎవరికీ ఉండదు. చికోరీ లేని పొడితో మొదటిరోజు పాత కొలతలోనే డికాక్షన్ తీస్తే, అది నల్లగా చిక్కగా దిగక ఎర్రటి కషాయంలా దిగింది, అందులో ఎప్పటిలాగే పాలు పోస్తే కాఫీ రుచి పాలలో మునిగిపోయింది. పొడిని మూడు చెంచాల నుంచి నాలుగుకు పెంచి, పాలను సగానికి సగం తగ్గించి, ఫిల్టరు పై గిన్నెలో పొడిని మరీ గట్టిగా అదమకుండా పోసిన తరువాత దాని అసలు గుణం తెలిసింది. నారింజ తొక్కను గిల్లితే వచ్చే పుల్లని వాసన తేలికగా ఉంది, చేదు తక్కువ, తాగిన తరువాత నోట్లో బెల్లపు పాకం లాంటి తీపి కాసేపు నిలుస్తుంది. పాలు లేకుండా తాగితే ఇంకా బాగుంది. అయితే మా ఇంట్లో అలా తాగేవాడిని నేనొక్కడినే.

వేయించిన తేదీ పొట్లం మీద ఉండటం మంచి అలవాటు. మా చేతికి వచ్చేటప్పటికి అది అయిదు వారాల పాతది, అయినా వాసన చెడలేదు. పొడిని మాత్రం ఫిల్టరుకు తగినంత సన్నగా ఆడలేదు, బరక ఎక్కువ ఉండటం వల్ల నీళ్లు త్వరగా దిగిపోతున్నాయి. మూసుకునే పట్టీ రెండో వారానికే పని మానేసింది. చిరునామా విషయంలో మరొక లోపం ఉంది: ఏ మండలం, ఏ గ్రామాల గుంపు, ఎంత ఎత్తు అన్నది ఎక్కడా లేదు, "తూర్పు కనుమల గిరిజన ప్రాంతం" అని మాత్రమే ఉంది. పాడేరు నుంచి పొట్టంగి దాకా, అక్కడి నుంచి లక్ష్మీపూర్ దాకా అంతా తూర్పు కనుమలే. పొడికి నేను అయిదుకు నాలుగు ఇస్తాను.

మా జిల్లా కాఫీ గురించి రెండు మాటలు చెప్పకపోతే పొట్లం మీది మాటను తూచడం కష్టం. కొరాపుట్‌లో కాఫీని 1930 ప్రాంతంలో జయపురం మహారాజావారు మొదలుపెట్టారని ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. ఆ తరువాత 1958 నుంచి నేల పరిరక్షణ శాఖ మచ్‌కుండ్ నది పరీవాహక ప్రాంతంలో తోటలు వేయించింది. కాఫీ అమ్ముకోవడం ఆ తోటల అసలు ఉద్దేశం కాదు. కొండల మీద చెట్లు పోయి మట్టి కొట్టుకొచ్చి జలాశయం పూడిపోకుండా ఉండాలంటే నీడ చెట్లు, వాటి కింద కాఫీ ఉంటే నేల నిలుస్తుందన్నది అప్పటి ఆలోచన. అటు ఆంధ్రాకూ ఇటు ఒడిశాకూ కరెంటు ఇచ్చే డుడుమ విద్యుత్ కేంద్రం కోసం వేసిన మొక్క, క్రమంగా గిరిజన కుటుంబాల చేతికి వచ్చి, సిల్వర్ ఓక్ చెట్ల మీద మిరియాల తీగలతో సహా వాళ్లకు సాలుసరి రాబడి అయింది. 2019లో ఒడిశా ప్రభుత్వ గిరిజనాభివృద్ధి సహకార సంస్థ కొరాపుట్ కాఫీ అన్న పేరుతోనే పొట్లాలు అమ్మడం మొదలుపెట్టింది, అదే ఏడు అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే ఈ కాఫీ పట్నాల్లో పేరు తెచ్చుకుని ఇంకా పదేళ్లు కూడా కాలేదు, బడి బొమ్మలు దాని వెనుకే వచ్చాయి.

కాఫీ అమ్మే కంపెనీలు కాఫీ పండే ఊళ్లలో బడులకు సాయం చేయడం మన దగ్గర పుట్టిన ఆలోచన కాదు. లండన్‌లో మొదలైన కోస్టా కాఫీ దుకాణాల గొలుసుకు కోస్టా ఫౌండేషన్ అని ఒక ధర్మనిధి ఉంది. కొలంబియా, ఇథియోపియా, ఉగాండా, వియత్నాం వంటి దేశాల్లో కాఫీ పండించే సమాజాలకు బడులు కట్టించడమే దాని ప్రధాన పని. స్టార్‌బక్స్ ఫౌండేషన్ 1997 నుంచి ఉంది. మనకు దగ్గరలో, అరకు రైతులతో కాఫీ సహకార సంఘం నడిపించిన నాంది ఫౌండేషన్, మహీంద్రా వారి విద్యా ట్రస్టుతో కలిసి నన్హీ కలీ అన్న కార్యక్రమంలో ఆడపిల్లలకు బడివేళలకు ముందో తరువాతో విడిగా పాఠాలు చెప్పిస్తుంది. ఈ చివరి పద్ధతిని పాఠకులు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే అందులో డబ్బు ముఖ్యంగా మనిషి మీద ఖర్చవుతుంది.

ఇక మన పొట్లం. ఒక శాతం అంటే 3 రూపాయల 60 పైసలు. ఈ మొత్తం ఎక్కువా తక్కువా అన్నది ఊరికే చూస్తే తెలియదు. కంపెనీల చట్టం 2013లోని 135వ విభాగం ప్రకారం, నికర విలువ 500 కోట్లు గాని, టర్నోవరు 1,000 కోట్లు గాని, నికర లాభం 5 కోట్లు గాని దాటిన కంపెనీ గడిచిన మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఈ పొట్లం మీద కంపెనీకి పదోవంతు లాభం మిగులుతుందని అనుకుంటే, అంటే 36 రూపాయలు మిగిలితే, చట్టం అడిగేది అందులో 72 పైసలు మాత్రమే. ఆ లెక్కన 3 రూపాయల 60 పైసలు అన్నది చట్టం అడిగినదానికి అయిదు రెట్లు. నిజంగా ఇస్తుంటే మెచ్చుకోవలసిందే. అయితే చట్టం ఎలాగూ పెట్టించే ఖర్చునే పొట్లం మీద ముద్రించి, కొనేవాడి దాతృత్వం అన్నట్టుగా చూపిస్తున్నారా, లేక దానికి అదనంగా ఇస్తున్నారా అన్న ప్రశ్న మిగిలే ఉంది. 2021 జనవరిలో సవరించిన నిబంధనలు తమ సరుకు ప్రచారానికి లాభం కలిగేలా చేసే స్పాన్సర్‌షిప్‌ను సామాజిక బాధ్యత ఖర్చు కింద ఒప్పుకోవని స్పష్టంగా చెబుతున్నాయి. పొట్లం ముందువైపు మూడో వంతు ఆక్రమించిన బొమ్మ ప్రచారమా కాదా అన్నది ఆ నిబంధన చదివినవారు ఎవరికి వారు తేల్చుకోవచ్చు.

నేను ఈ ప్రశ్నను సంస్థకు రాశాను. ఒక శాతం చట్టబద్ధమైన ఖర్చులో భాగమా, అదనమా. ఏ బడికి ఏ ఏడు ఎంత ఇచ్చారు. ఆ బడికి కొన్న వస్తువులు ఎవరి పేరు మీద ఉన్నాయి అని మూడే ప్రశ్నలు. పది రోజులకు మర్యాదగా సమాధానం వచ్చింది, దానికి పిల్లల ఫొటోలతో పన్నెండు పేజీల పుస్తకం జతచేశారు. మూడు ప్రశ్నల్లో దేనికీ అందులో జవాబు లేదు. కాకపోతే ఒక పేజీలో నందపూర్ వైపు ఒక ఊరి బడి ఫొటో కనిపించింది, గోడ మీద రాసిన ఒడియా అక్షరాల్లో ఊరి పేరు చదవగలిగాను.

ఫిబ్రవరిలో ఒక ఉదయం అక్కడికి వెళ్లాను. కోతలు ముగింపుకు వచ్చాయి, ఇళ్ల ముందు పరదాల మీద పార్చ్‌మెంట్, అంటే పై పొర ఇంకా వదలని కాఫీ గింజ, ఆరబెట్టి ఉంది, పండు తొక్క తీసే పల్పరు యంత్రం కడిగిన నీళ్ల పులిసిన వాసన ఊరంతా అలుముకుని ఉంది. బడి దూరం నుంచే కనిపించింది: బయటి గోడకు రైలు పెట్టెలా నీలం రంగు వేసి, కిటికీలను బోగీ కిటికీలుగా మార్చి, తలుపు మీద కంపెనీ ట్రస్టు పేరుతో పెద్ద బోర్డు పెట్టారు. లోపల కొత్త బల్లలు, గోడకు పెద్ద టీవీ, ఒక ఇనుప బీరువాలో పది ట్యాబులు ఉన్నాయి. మరుగుదొడ్లు రెండు, వాటికి ట్యాంకు, ట్యాంకుకు మోటారు ఉన్నాయి. ఇవి పనిచేస్తున్నాయి, ఆడపిల్లలు వాడుతున్నారు. నా లెక్కలో ఈ మొత్తం సాయంలో నూటికి నూరు మార్కులు రావలసింది ఈ మరుగుదొడ్లకే.

పిల్లలు 43 మంది, తరగతులు అయిదు, ఉపాధ్యాయుడు ఒక్కడు. అతడు ఒకప్పుడు నా దగ్గర పదో తరగతి లెక్కలు చదువుకున్నవాడే కావడం వల్ల మనసు విప్పి మాట్లాడాడు. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. రెండో స్థానం ఎప్పటి నుంచో ఖాళీగా ఉంది. మధ్యాహ్న భోజనం లెక్కలు, హాజరు లెక్కలు, పైకి పంపవలసిన నివేదికలు, వీటి మధ్య అతడు అయిదు తరగతులనూ ఒకే గదిలో కూర్చోబెట్టి చెబుతున్నాడు. ట్యాబుల సంగతి అడిగితే నవ్వాడు. అవి ట్రస్టు ఆస్తి, జాబితాలో సంతకం పెట్టి తీసుకున్నాడు, ఒకటి పగిలినా తానే జవాబు చెప్పాలి కాబట్టి బీరువాకు తాళం వేసి ఉంచాడు; తాళం చెవి కూడా నెలకొకసారి వచ్చే ట్రస్టు మనిషి దగ్గరే ఉంది. సామాజిక బాధ్యత డబ్బుతో కొన్న ఆస్తి ఎవరి పేరున ఉండవచ్చో నిబంధనల్లో ఉంది: నమోదైన ట్రస్టు గాని, లబ్ధిదారుల సంఘం గాని, ప్రభుత్వ సంస్థ గాని ఉంచుకోవచ్చు. కాబట్టి ట్రస్టు తన దగ్గర ఉంచుకోవడం తప్పు కాదు, బడికే ఇచ్చేయడానికీ అడ్డు లేదు. బడి పేరున రాసి ఇచ్చి ఉంటే ఆ మాస్టరు భయం తీరేది, ట్యాబులు పిల్లల చేతుల్లో అరిగేవి.

ఆ ట్యాబుల్లో ఉన్న పాఠాలు ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉన్నాయి. ఆ ఊరి పిల్లలు ఇంట్లో కువి మాట్లాడతారు, బయట దేశియ అనే ఒడియా యాస మాట్లాడతారు, సంతకు వచ్చే సాలూరు వర్తకుల వల్ల కొంత తెలుగు వింటారు, బడిలో ఒడియా చదువుతారు. కువి మన తెలుగుకు దగ్గరి చుట్టమైన ద్రావిడ భాష. ఒడిశా ప్రభుత్వం 2007 ప్రాంతం నుంచి గిరిజన భాషల్లో మొదటి తరగతుల పుస్తకాలు తయారుచేసి బహుభాషా విద్య పేరుతో బడులకు ఇచ్చింది, వాటిలో కువి కూడా ఉంది. పన్నెండు పేజీల రంగుల పుస్తకంలో ఎక్కడా ఆ పిల్లల భాష పేరు లేదు.

బడి గేటు దగ్గర ఒక తల్లి చంటిపిల్లవాడిని ఎత్తుకుని నిలబడి ఉంటే పలకరించాను. పొట్టంగి వైపు నుంచి వచ్చిన కోడలు కాబట్టి తెలుగు బాగానే మాట్లాడింది. "గోడలు బాగున్నాయి మాస్టారూ. చెప్పేవోడొకడే గదా" అంది. పెద్ద కూతురు నవంబరు నుంచి బడికి రాలేదని, పండు కోతలప్పుడు ఇంటిల్లిపాదీ తోటకు పోతే చంటివాడి కాడ ఎవరో ఒకరు ఉండాలి కదా అని కూడా చెప్పింది. అరబికా పండు ఒకేసారి పండదు, ఎర్రబడినది ఎర్రబడినట్టు మూడు నాలుగు విడతలుగా కోయాలి, కోసిన రోజే తొక్క తీయాలి. అందుకే నవంబరు నుంచి జనవరి దాకా ఆ ఇంటికి ఎన్ని చేతులున్నా చాలవు. పొట్లం మీద పలక పట్టుకున్న బాలిక వయసే ఉంటుంది ఆమె కూతురికి.

ఇంటికి వచ్చాక కాగితం మీద ఒక లెక్క వేశాను. కాఫీ పండ్లు సుమారు ఆరు కిలోలు ఉంటే వేయించని గింజ ఒక కిలో వస్తుంది. వేయించేటప్పుడు గింజ తన బరువులో దాదాపు ఆరోవంతు పోగొట్టుకుంటుంది. కాబట్టి 250 గ్రాముల పొడికి 300 గ్రాముల గింజ, దానికి కిలో 800 గ్రాముల పండ్లు కావాలి. 3 రూపాయల 60 పైసలను ఆ పండ్ల మీద పరిస్తే కిలోకు సరిగ్గా 2 రూపాయలు. ఏడాదికి 500 కిలోల పండ్లు అమ్మే కుటుంబం అనుకుంటే, ఈ ఒక శాతాన్ని బడికి ఇవ్వకుండా పండు ధరలోనే కలిపి ఇస్తే ఆ కుటుంబానికి ఏడాదికి 1,000 రూపాయలు ఎక్కువ వస్తుంది. నేను మొదట ఈ లెక్క వేసినప్పుడు, దానం మాని ధర పెంచితే పోయేదని రాద్దామనుకున్నాను. కాని లెక్కను అక్కడ ఆపకుండా ముందుకు నడిపితే వేరే సంగతి బయటపడింది. నెలకు 10,000 రూపాయల జీతంతో ఊళ్లోనే చదువుకున్న ఒక అమ్మాయిని, కువి వచ్చిన అమ్మాయిని, ఏడాది పాటు బడిలో పెట్టుకోవాలంటే 1,20,000 రూపాయలు కావాలి. అది 33,333 పొట్లాల ఒక శాతం, 60 టన్నుల పండ్లు, అంటే అటువంటి 120 కుటుంబాల ఏడాది పంట. ఆ 120 కుటుంబాలకు తలా వెయ్యి రూపాయలు పంచితే ఒక పండగకు బట్టలు వస్తాయి; కలిపి ఉంచితే 43 మంది పిల్లలకు రెండో టీచరు వస్తుంది. విడివిడిగా ఏ కుటుంబమూ కొనుక్కోలేనిది ఆ డబ్బుతో కొనగలిగినది అదొక్కటే. నా ఫిర్యాదు కాబట్టి ఒక శాతం ఇవ్వడం మీద కాదు. రెండో టీచరుకు సరిపోయే డబ్బుతో రైలు పెట్టె రంగు, టీవీ, తాళం వేసిన బీరువా కొనడం మీద.

రైతుకు కనీస ధర హామీ ఇచ్చే ఫెయిర్‌ట్రేడ్ ముద్ర ఉన్న కాఫీతో పోల్చడం ఇక్కడ అవసరం. ఆ పద్ధతిలో, తొక్క తీసి నీళ్లలో కడిగి ఆరబెట్టిన అరబికాకు 2023 ఆగస్టు నుంచి పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, కనీస ధర 1 డాలరు 80 సెంట్లు, దాని మీద రైతుల సంఘానికి అదనంగా 20 సెంట్లు ప్రీమియం. ఆ ప్రీమియాన్ని మన 300 గ్రాముల గింజకు కట్టి, డాలరు 85 రూపాయల చొప్పున మారిస్తే 11 రూపాయలు దాటుతుంది, మన పొట్లం ఇచ్చేదానికి మూడు రెట్లు. అందులో కనీసం 5 సెంట్లు నాణ్యతకూ దిగుబడికీ పోవాలి, మిగిలినది దేనికి పెట్టాలన్నది రైతుల సంఘం సభ్యులు సభలో చేతులెత్తి తీర్మానించుకుంటారు. కొన్ని చోట్ల వాళ్లు బడిని ఎంచుకుంటారు, కొన్ని చోట్ల రోడ్డును, కొన్ని చోట్ల పల్పరును. నేను వెళ్లిన ఊళ్లో ఏమి కావాలని ఎవరినీ అడగలేదని ఆ తల్లీ, నా శిష్యుడూ వేర్వేరుగా చెప్పారు. అడిగి ఉంటే నవంబరు నుంచి మూడు నెలలు చంటిపిల్లలను చూసుకునే ఒక ఆయా కావాలని ఆమె చెప్పి ఉండేదని నా నమ్మకం. అప్పుడు పెద్ద పిల్ల బడికి వచ్చేది.

ఒక న్యాయం కూడా చెప్పాలి. మా జిల్లాలో కంపెనీ డబ్బు చదువుకు వెళ్లడం కొత్త కాదు. దమన్‌జోడిలో అల్యూమినా తీసే నాల్కో తన ఫౌండేషన్ ద్వారా ఇంద్రధనుష్ పేరుతో గనుల చుట్టుపక్కల గ్రామాల పిల్లలను ఊరి బయట గురుకుల పాఠశాలల్లో చేర్చి చదివిస్తోంది. పిల్లలను ఊరి నుంచి తీసుకుపోవడం మంచిదా కాదా అన్నది వేరే చర్చ, కాని అక్కడ ఒక పిల్లవాడిని చేర్చుకుంటే ఏళ్ల తరబడి అతడి ఖర్చు భరించాలి. గోడకు రంగు వేసిన సంస్థ మరుసటి ఏడు మరో గోడ దగ్గరికి పోవచ్చు. నా దగ్గరున్న పుస్తకంలో మూడేళ్లకు మూడు వేర్వేరు బడుల ఫొటోలు ఉన్నాయి, ఏ బడీ రెండోసారి కనిపించలేదు.

కొనాలా వద్దా అని అడిగేవారికి నా సలహా ఇది. పొడి కోసమైతే కొనండి, ముతకగా ఉన్నందుకు కాస్త ఎక్కువసేపు దిగనివ్వండి, పాలు తగ్గించండి. బడి కోసమైతే కొనే ముందు ఆ కంపెనీ వెబ్‌సైటులో సామాజిక బాధ్యత ప్రాజెక్టుల జాబితా ఉందేమో చూడండి. చట్టం పరిధిలోకి వచ్చే కంపెనీ అయితే అది అక్కడ ఉండి తీరాలి, అందులో జిల్లా పేరు, మొత్తం ఉన్నాయేమో చూడండి. బడికి నేరుగా ఇవ్వాలనుకునేవారికి వేరే దారులున్నాయి: 2017 నవంబరులో మొదలైన "మో స్కూల్" కార్యక్రమంలో పూర్వ విద్యార్థులు ఒక రూపాయి ఇస్తే ఒడిశా ప్రభుత్వం రెండు రూపాయలు కలిపేది; ఇప్పుడు కేంద్రం నడిపే విద్యాంజలి ద్వారా వస్తువుగానో మనిషి సేవగానో ఇవ్వవచ్చు. పొట్లం మీది మాటకు నేను అయిదుకు రెండు ఇస్తున్నాను. ఆ రెండూ మరుగుదొడ్లకు, నీళ్లకు.

సంస్థకు రెండో ఉత్తరం రాశాను, ఈసారి ప్రశ్నలు మాని లెక్క పంపాను, 33,333 పొట్లాల లెక్క. రెండో పొట్లంలో ఇంకా సగం ఉంది. నవంబరులో కోతలు మొదలయ్యాక ఆ ఊరికి మళ్లీ వెళ్లదలచాను. బీరువా తాళం చెవి అప్పటికి నా శిష్యుడి చేతికి వచ్చి ఉంటే ఆ సంగతి ఈ సమీక్ష కిందనే కలిపి, ఇచ్చిన రెండును మూడు చేస్తాను.